రెండద్దాల మధ్య తడి

ఆ చలికాలం మా ఇంట్లో ముందు కిటికీకి జబ్బు చేసింది, తర్వాత నాకు. కిటికీ జబ్బేమిటో అద్దాలాయన వచ్చి చెప్పాడు. నాది ఎవరూ చెప్పక్కర్లేదు. చదువుకున్నదాన్ని కాబట్టి నాకే తెలుసు. కుళ్ళు.

ఆ కుళ్ళు అత్తగారి మీదైతే లోకం అర్థం చేసుకునేది, పక్కింటివాళ్ళు సాయం కూడా చేసేవాళ్ళు. నాది అత్తగారి కోసం. ఇది ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు. అందుకని ఎవరికీ చెప్పుకోలేదు.

మాకు వంటగదీ భోజనాల గదీ కలిసి ఒకటే. ఒక గోడకి పొయ్యి, గట్టు, పంపు. ఎదుటి గోడకి పెద్ద జంటద్దాల కిటికీ. అంటే ఒక అద్దం వెనక ఇంకో అద్దం, మధ్యలో వేలెడు ఖాళీ, గాలి చొరబడకుండా చుట్టూ బిగించిన పట్టీ. చలీ చప్పుడూ లోపలికి రావని చెప్పి పెట్టించారు. ఆ కిటికీ పక్కన అత్తగారి చేతుల కుర్చీ. నేను పొయ్యి వైపు తిరిగి పని చేసుకుంటుంటే ఆవిడ కిటికీ వైపు తిరిగి వీధిని చూసేవారు. చూసింది చూసినట్టు నా వీపుకి చెప్పేవారు.

మాది నాలుగో అంతస్తు. మా మెట్లు వెనక వీధిలోకి దిగుతాయి, బజారు కూడా అటే. కాబట్టి కిటికీ వైపు వీధి నాకు అత్తగారి నోటి ద్వారానే పరిచయం. మూల మీద బస్టాపు ఉంది. అక్కడికి రోజూ పొద్దు కాస్త ఎక్కాక, నేను కూరలు తరిగే వేళకి, ఒకాయన వస్తాడు. వానున్నా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. కాసేపటికి నీలం కోటు వేసుకుని ఒకావిడ వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. బస్సులు వస్తాయి, పోతాయి. ఇద్దరూ ఎక్కరు.

"వచ్చాడా అత్తయ్యా?"

"ఆఁ, వచ్చాడు. ఇవాళ గొడుగు మడిచాడే!"

"అమ్మో. మడిచాడా?"

"మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఏదో తెగించినట్టే ఉన్నాడు."

"మరి ఆవిడో?"

"కదిలితేనా! అటు తిరిగి కూర్చుంది. మెడ నొప్పెట్టదా తల్లీ నీకు?" ఈ చివరిది నన్ను కాదు, నీలం కోటావిడని.

"బస్సెక్కని వాళ్ళు బస్టాపుకెందుకొస్తున్నారత్తయ్యా?"

"నువ్వు బజారుకెళ్ళిన ప్రతిసారీ కొనడానికే వెళ్తున్నావా?"

చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ నవ్వుకునేదాన్ని. ఎప్పుడూ వెళ్ళి తొంగి చూసింది లేదు. చేతులు తడిగానో పిండిగానో ఉండేవి. అదీగాక, అంత బాగా చెప్పే మనిషి ఉండగా చూడ్డం దండగ అనిపించేది. ఒకసారి మాత్రం మా ఆయన్ని అడిగాను. ఆఫీసుకి ఆయన ఆ మూల మీదుగానే వెళ్తారు.

"బస్టాపులో గొడుగాయన మీక్కనిపిస్తాడా?"

"ఏ బస్టాపు?" అన్నారు.

మా ఆయనకి ఇంట్లో సోఫా రంగు మారిన సంగతి ఏడాదికి తెలిసింది. అలాంటి మనిషిని అడగడం నాదే తప్పనుకుని వదిలేశాను.

చలి ముదిరేసరికి కిటికీ కింది మూలన ఎవరో ఊపిరి ఊదినట్టు చిన్న మసక కనిపించింది. గుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. మా ఆయన పక్కింటివాళ్ళ బాల్కనీలోంచి కర్రకి గుడ్డ చుట్టి బయటి నుంచి తుడిచారు. పోలేదు. ఇటు తుడిస్తే అటున్నట్టు, అటు తుడిస్తే ఇటున్నట్టు ఉంది. ఆయన అక్కణ్ణుంచి తిరిగొచ్చి, కొత్త గ్రహాన్ని కనిపెట్టినంత గంభీరంగా, "తడి మధ్యలో ఉంది" అన్నారు.

పొద్దున్నపూట రెండద్దాల మధ్య సన్నటి బొట్లు కట్టేవి. అవి జారి గీతలయ్యేవి. మధ్యాహ్నానికి ఆరిపోయి తెల్లటి పొర మిగిల్చి వెళ్ళేవి. మర్నాడు ఆ పొర మీద ఇంకో పొర. మా ఆయన నా జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి కిటికీ ముందు నిలబడి చేతులు పడిపోయేదాకా ఊదారు. మసక పోయింది! ముగ్గురం పండగ చేసుకున్నట్టు టీ తాగాం. ఆ కప్పులు కడిగేలోగా మసక తిరిగొచ్చింది. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పోగుచేసి అద్దానికి టేపుతో అతికించాం. గిన్నెడు ఉప్పు కిటికీ గట్టు మీద పెట్టాం. ఉప్పు బాగా తడిసింది, గదిలో తడికి. మధ్యలో తడి మా ఉప్పు తినలేదు కాబట్టి మాకు విశ్వాసం చూపించాల్సిన పనీ లేకపోయింది.

చివరికి మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూసి, అద్దానికి చిన్న బెజ్జం వేస్తే తడి ఆవిరై పోతుందన్నారు. ఆయన డ్రిల్లు పెట్టిన గోడలు నేను చూశాను. ఆ సాయంత్రమే పనిముట్ల పెట్టె మొత్తం తీసుకెళ్ళి ఉతికే బట్టల బుట్ట అడుగున దాచేశాను. మా ఆయన ఈ జన్మలో చెయ్యి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటే.

రానురాను కిటికీ అంతా పాలు పూసినట్టయింది. అత్తగారి కుర్చీ ఎత్తుకి సరిగ్గా కళ్ళ ముందు అరచెయ్యంత జాగా మాత్రం తేటగా మిగిలింది. ఆవిడ తల అటూ ఇటూ తిప్పుతూ అందులోంచే గొడుగాయన్ని చూసేవారు. కొన్నాళ్ళకి అదీ మూసుకుపోయింది. కథ మాత్రం ఆగలేదు.

"ఎలా కనిపిస్తోందత్తయ్యా మీకు?"

"నీడలు ఆడుతున్నాయిలే. నాకది చాలు. ఇవాళ ఆయన నీడ ఆవిడ నీడ దాకా పాకిందే!"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. అంత బాగుంది ఆ రోజు భాగం.

అప్పుడొచ్చింది మా తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. మా బావగారూ ఆవిడా వెనక వీధి ఆ చివర ఉంటారు. అక్క మంచిది. ఆవిడలో నాకు నచ్చనిది అదొక్కటే. ఆవిడ ఇంట్లో తలుపులు చప్పుడు లేకుండా మూసుకుంటాయి, డబ్బాలకి వాటి మూతలే ఉంటాయి. ఎవరింటికైనా వస్తే ఏదో ఒకటి తెస్తుంది, వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి సర్ది మరీ వెళ్తుంది.

గుమ్మంలోంచే కిటికీ చూసింది. "అయ్యో చెల్లీ, ఇదేంటి? అత్తయ్యని పాలగ్లాసులో కూర్చోబెట్టావే!"

"అద్దాలాయనకి ఫోన్ చేశామక్కా. వస్తానంటున్నాడు."

"మావీ ఇవే అద్దాలు, ఇదే మనిషి బిగించాడు. మాకైతే ఎప్పుడూ ఇలా రాలేదు బాబూ." తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఇది బాగయ్యేదాకా మా ఇంట్లో ఉండండత్తయ్యా. మా కిటికీలోంచి వీధి మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది."

అత్తగారు నా వైపు చూశారు. "ఉండండత్తయ్యా" అనడానికి ఒక్క క్షణం పట్టేది. కానీ పాలగ్లాసు మాట నాకింకా గొంతు దిగలేదు.

"మీ ఇష్టమత్తయ్యా" అన్నాను.

"పెద్దది అంత ఇదిగా పిలుస్తోంది" అన్నారు ఆవిడ నెమ్మదిగా. ఆ సాయంత్రం బావగారొచ్చి చేతుల కుర్చీ భుజానికెత్తుకుని తీసుకెళ్ళారు.

అసలు కుళ్ళు ఆ మర్నాడు మొదలైంది. కూరలు తరుగుతూ అలవాటుగా "వచ్చాడా?" అన్నాను. గది పలకలేదు. ఉల్లిపాయలు కాకపోయినా కళ్ళు మండాయి.

తర్వాత అత్తగారి శాలువా వెళ్ళింది. తర్వాత కాళ్ళ కింద పెట్టుకునే పీట. తర్వాత ఆవిడ టీ తాగే అంచు పగిలిన కప్పు. అక్క ఇంట్లో అంచు పగిలిన కప్పు! అది వాళ్ళ అలమరలో మిగతా కప్పుల పక్కన ఎలా నిలబడిందో అని నాకు దిగులేసింది. అత్తగారు మా ఇంట్లోంచి ఒక్కసారి వెళ్ళిపోలేదు, కొంచెం కొంచెంగా వెళ్ళారు. మిగిలింది మంచం.

ఒక రోజు చూడ్డానికి వెళ్ళాను. చూడ్డానికి అంటే, పట్టుకోవడానికి. అక్క కిటికీ నిగనిగలాడుతోంది. అద్దం ఉందో లేదో ముట్టుకుంటే గానీ తెలియదు. దాని ముందు అత్తగారు కుర్చీలో, అక్క పక్కన స్టూలు మీద. భుజానికి భుజం తగిలేలా కూర్చున్నారు. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. నాతో ఆవిడ ఎప్పుడూ అలా కూర్చోలేదు. నాకెప్పుడూ వీపే.

"అదిగో, ఎర్ర సంచీ ఆవిడ" అన్నారు అత్తగారు. "పాపం ఇవాళ కూడా ఇంట్లో చెప్పకుండా వచ్చేసినట్టుంది. ఆ సంచీలో బట్టలన్నీ..."

"బట్టలు కాదత్తయ్యా, తుడిచే గుడ్డలు" అంది అక్క ఆప్యాయంగా. "ఎదురు ఆఫీసులో శుభ్రం చేసే మనిషి. మొన్న నేనే కిందికి దిగి అడిగి వచ్చాను, మీకు తెలుస్తుందని."

"ఓహో" అన్నారు అత్తగారు.

"ఆ పొడుగాయనేమో కొరియరు. ఆ పిల్లలిద్దరూ అక్కాతమ్ముళ్ళే, మీరనుకున్నట్టు కాదు."

"ఓహో."

చూశారా, ఎంత ముచ్చటగా చెప్పుకుంటున్నారో అనుకున్నాను. కిందికి దిగి మరీ అడిగొస్తోంది! ఇన్నేళ్ళలో నేను కుర్చీ దాకా కూడా నడవలేదు. అక్క టీ పెట్టడానికి లేచాక వంగి అత్తగారి చెవిలో అడిగాను.

"గొడుగాయన సంగతేమైందత్తయ్యా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఇక్కణ్ణుంచి కనబడడు కదే" అన్నారు.

అంటే మర్చిపోయారు, ఎర్ర సంచీతో సరిపెట్టుకున్నారు అని అర్థం చేసుకున్నాను. కుళ్ళు పట్టినవాళ్ళకి అర్థం చేసుకోవడం చాలా తేలిక. ఏది విన్నా ఒకే అర్థం వస్తుంది.

ఆ వారమే అక్క ఫోను. "చెల్లీ, అత్తయ్య మంచం పంపించెయ్యకూడదూ? సోఫా మీద ఆవిడ నడుం పట్టేస్తోంది. ఇక ఇక్కడే స్థిరంగా ఉంటారులే. మీకు ఇల్లు కాస్త విశాలమవుతుంది."

విశాలమట!

మా ఆయన ఆదివారం మంచం విప్పుతానని మాటిచ్చేశారు. అన్నగారు అడిగితే ఆయన కిటికీ కూడా విప్పి ఇచ్చేస్తారు. ఆదివారం ఇల్లంతా వెతికారు.

"పనిముట్ల పెట్టె ఏదోయ్?"

"నాకేం తెలుసు? మీ వస్తువు."

"బెజ్జం వెయ్యాలన్నప్పుడు కూడా కనపడలేదు."

"చూడండి మరి. ఎక్కడ పెట్టారో గుర్తు చేసుకోండి."

మంచం బిగించిన బోల్టులు చేత్తో తిప్పబోయి బొటనవేలు నలిపించుకున్నారు. నాకు జాలేసింది. మందు రాశాను. పెట్టె మాత్రం బుట్టలోనే ఉంచాను. ఆ వారం బట్టలు కూడా విడిగా బకెట్లో వేసి మోశాను.

కానీ ఎన్నాళ్ళని దాస్తాను? బావగారి దగ్గర కూడా పనిముట్లుంటాయి. పైగా అక్క భర్త కదా, సరైన సైజువే ఉంటాయి. వచ్చే ఆదివారం తానే వస్తానన్నారట. ఆలోగా కిటికీ బాగుపడితే తప్ప మంచం నిలవదు, మంచం నిలవకపోతే మనిషి తిరిగి రాదు.

అద్దాలాయనకి ఫోను మీద ఫోను చేశాను. "బయల్దేరానమ్మా" అనడం ఆయన వృత్తిలో భాగం. నిజంగా బయల్దేరిన రోజు మాత్రం చెప్పకుండా వచ్చాడు. అద్దం మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విని, డాక్టరులా తలాడించాడు.

"సీలు పోయిందమ్మా. ఈ అంచు పట్టీలో చిన్న గుళికలుంటాయి, తేమ తాగేవి. సీలు చీలి తేమ లోపలికొస్తుంటే ఇవి తాగుతూ పోయాయి. ఇక వాటి పొట్ట నిండిపోయింది. ఎవరండీ దీన్ని బిగించింది, ఇంత అధ్వానంగా?"

"మీరే."

ఆయన కాసేపు పట్టీని చూశాడు. "అయితే గాజు పంపినవాళ్ళ తప్పు" అన్నాడు.

"ఇదే చేత్తో మా అక్కావాళ్ళింట్లో కూడా బిగించారు. వాళ్ళదెందుకు పోలేదు?"

"వాళ్ళ కిటికీకి ఎదురుగా పెద్ద బిల్డింగుందమ్మా, నీడపట్టున ఉంది. మీది ఎండా వానా రెండూ మొహం మీద తింటుంది. పట్టీ సాగి, ముడుచుకుని, సాగి, ముడుచుకుని..."

దిక్కుల్లో కూడా మంచి దిక్కు ఆవిడకే వచ్చిందన్నమాట. నాకు నోరాగలేదు.

"వాళ్ళదీ ఎప్పటికైనా పోతుందా?"

"పోకుండా ఉంటుందా? అద్దమన్నాక."

ఆ మాట నాకు వెచ్చటి రొట్టె ముక్కలా అనిపించింది. ఆయనకి రెండో కప్పు టీ కూడా ఇచ్చాను. చట్రం అలాగే ఉంచి అద్దాల జత మాత్రం కొలతకి చేయించి మార్చాలన్నాడు. ఆదివారంలోగా కావాలన్నాను. నవ్వాడు. మంచం కథ మొత్తం చెప్పాను. నవ్వడం మానేశాడు. "మా ఆవిడ నోట మా అమ్మ గురించి ఇలాంటి మాట ఒక్కటి వచ్చుంటే" అని కొలతలు తీసుకుని వెళ్ళాడు.

శనివారం పొద్దున్నే వచ్చాడు, ఇంకో మనిషితో, దుప్పట్లో చుట్టిన అద్దాల జతతో. పాతది ఊడబెరికిన కాసేపూ కిటికీ ఉన్నచోట పెద్ద కన్నం, అందులోంచి వీధి చప్పుడంతా ఒక్కసారిగా ఇంట్లోకి దూకింది. నేను శాలువా కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కొత్తది పెట్టి, అంచులు నొక్కి, గుడ్డతో తుడిచి, "చూస్కోండమ్మా. ఇక దీని మీద మీరు గిన్నెడు ఆవిరి పట్టినా నిలవదు. ఈసారి గాజు నేనే దగ్గరుండి చేయించాను" అన్నాడు. మా ఆయన ఆ ఇద్దరినీ సాగనంపి అట్నుంచటే బజారుకెళ్ళొస్తానని కిందికి దిగారు.

సరిగ్గా కూరలు తరిగే వేళ. అత్తగారి కుర్చీ లేని చోట భోజనాల కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అక్కకి ఫోన్ చెయ్యాలి. "అక్కా, మాకు కూడా వీధి అరచేతిలోకొచ్చింది" అనాలి. దానికి ముందు ఒక్కసారి గొడుగాయన్ని నేనే చూసుకుని, ఆ వార్త కూడా కలిపి చెబితే అత్తగారు పరుగున వస్తారు. అద్దానికి ముక్కు ఆనించి మూల మీదికి చూశాను.

బస్టాపు లేదు.

రోడ్డు తవ్వి పోశారు. ఎన్నాళ్ళ కిందట తవ్వారో, మట్టి గుట్టల మీద గడ్డి కూడా మొలిచింది. బస్సులు అటు రావడమే లేదు. ఒకప్పుడు బస్టాపు ఉన్నచోట ఒక వంకర ఇనప స్తంభం, దానికి వేలాడుతూ చిరిగిన నల్ల సంచీ. దాని పక్కన ఇటుకల కుప్ప. కుప్ప మీద తడవకుండా కప్పిన నీలం పట్టా.

గాలి వీచింది. నల్ల సంచీ విచ్చుకుంది, మళ్ళీ ముడుచుకుంది. ఇవాళ గొడుగు మడిచాడే. నీలం పట్టా కదల్లేదు. కదిలితేనా!

అలా ఎంతసేపు కూర్చున్నానో. ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. వెనక్కి వెళ్ళి ఒక్కొక్క రోజే లెక్క చూసుకున్నాను. మసక రాకముందు కూడా నేను అడిగితేనే ఆవిడ చెప్పేవారు. "వచ్చాడా?" అని నేను అనేదాన్ని. రాలేదని ఒక్కరోజు కూడా అనలేదు.

అక్కకి వీధి చూపించారు. నాకు లేనిది చెప్పారు.

చేతిలో ఫోను మోగింది. అక్కే.

"చెల్లీ, మేం వస్తున్నాం" అంది. గొంతు అక్కది కానట్టుంది. "అత్తయ్య నిన్నట్నుంచి మాట్లాడ్డం లేదు. కుర్చీ గోడవైపు తిప్పేసుకున్నారు. ఏంటంటే, చిన్నదాని దగ్గరికే వెళ్తానంటారు. ఆ మసక కిటికీ దగ్గరికి! నేనేం తక్కువ చేశాను చెప్పు? సరేలే... అద్దమొచ్చిందా?"

మా అక్క కంటిచూపు గట్టిది. గుమ్మంలోంచే చూస్తుంది. "అదేంటత్తయ్యా, అక్కడ ఇటుకలేగా" అని ఆప్యాయంగా చెబుతుంది. కిందికి దిగి అడిగి కూడా వస్తుంది.

"ఇంకా లేదక్కా" అన్నాను.

ఫోను పెట్టేసి అతి పెద్ద గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. రెండో పొయ్యి మీద రెండో గిన్నె. తలుపులు మూశాను. తలుపు సందులో తువ్వాలు కుక్కాను. నీళ్ళు మరిగాయి, ఆవిరి లేచింది, గోడలు చెమర్చాయి, నేను చెమర్చాను, అలమర తలుపులు చెమర్చాయి. కిటికీ మాత్రం అప్పుడే స్నానం చేసి వచ్చినదానిలా నిగనిగలాడుతోంది. అద్దాలాయన చెప్పిన మాట మీద నిలబడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. దానికి ఈ రోజే దొరికిందా!

పొంగుతున్న గిన్నె పట్టుకారుతో ఎత్తుకెళ్ళి కిటికీ గట్టు మీద, అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టాను. రెండోదీ పెట్టాను. మొదటిది చల్లారితే మళ్ళీ పొయ్యి మీదికి. ఆ సీజనంతా మసక వదిలించడానికి పడ్డ పాట్లు దీని ముందు ఏపాటి? నోటితో కూడా ఊదాను. చివరికి కింది మూలన, ఎవరో ఊపిరి ఊదినట్టు, చిన్న మసక కనిపించింది. ఏ మూలన మొదటిసారి కనిపించి నా గుండెల్లో రాయి వేసిందో, ఆ మూలనే. అది మెల్లగా పైకి పాకింది.

గంట మోగేసరికి కిటికీ పాలగ్లాసయింది.

ముందు అక్క, చేతిలో శాలువా, పీట, కప్పు. వెనక అత్తగారు. వాళ్ళ వెనక కుర్చీ మోసుకుంటూ మా ఆయన. కింద దొరికిపోయారట. లోపలికి రాగానే ఆయన కిటికీ చూసి నోరు తెరిచారు. నేను ఆయన్ని చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చూపు ఆయనకి సరిగ్గా అర్థమైన రోజు అదొక్కటే. నోరు మూసుకుని కుర్చీ దించారు.

"ఇల్లంతా ఈ ఆవిరేంటి చెల్లీ?" అంది అక్క.

"దుప్పట్లు నానబెడదామనక్కా."

"కిటికీ ఇంకా అలాగే ఉందే."

"అలాగే ఉందక్కా."

అక్క కూర్చోలేదు. నన్ను గట్టు దగ్గరికి లాగింది. గొంతు తగ్గించింది. "నీకు ఏవో కథలు చెప్పేవారటగా? మీ బావగారన్నారు. నాకు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. మొదలుపెట్టడం, మధ్యలో ఓహో అనడం. నేను పక్కనే కూర్చుని, ఆవిడ ఏది చూపిస్తే అది కనుక్కొచ్చి మరీ చెప్పాను. నా దగ్గర ఏం లేదు చెల్లీ, నీ దగ్గర ఉన్నది?"

ఇన్నాళ్ళూ నేను కోరుకున్న మాట ఇదే. అక్క నా వైపు చూసి కుళ్ళుకోవాలి. కుళ్ళుకుంటోంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, ఆవిరి వల్లో మరెందువల్లో. సంతోషించడానికి సిద్ధపడ్డాను గానీ, కుదరలేదు.

"నా కిటికీ బాగాలేదక్కా, అంతే" అన్నాను. టీ కలిపి ఇచ్చాను. తాగి, వెళ్ళేముందు నా గట్టు మీద డబ్బాలు వరసగా సర్దింది. ఒక మూత మార్చింది. "మంచం సంగతి మీ బావగారికి చెబుతాలే" అంది గుమ్మంలో.

"పనిముట్ల పెట్టె దొరకట్లేదని చెప్పక్కా."

మా ఆయన దుప్పటి కప్పుకుని లోపలి గదిలోకి తప్పుకున్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని, శాలువా సర్దుకుని, కాళ్ళ కింద పీట జరుపుకున్నారు. అలవాటుగా ఒక వేలు చాచి అద్దాన్ని తాకారు.

వేలు పెట్టినచోట గీత పడింది. నిలువుగా, తేటగా. ఇన్నాళ్ళూ ఎవరు ఎంత రుద్దినా చెరగని మసక అది. ఇది వేలికి అంటుకుంది. గీతలోంచి నీలం పట్టా ఒక తునక, ఇటుకల అంచూ కనిపిస్తున్నాయి.

ఆవిడ వేలి కొన మీది తడిని చూసుకున్నారు. గట్టు మీది గిన్నెల్ని చూశారు. ముంగురులు నుదుటికి అతుక్కుపోయి నిలబడ్డ నన్ను చూశారు.

"నీళ్ళు చల్లారుతున్నాయే" అన్నారు చివరికి. "ఇంకాస్త మరగనివ్వు. మూత పెట్టకు."

గిన్నె తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టాను. చిక్కుడుకాయలు ముందేసుకుని, ఎప్పట్లాగే కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. వెనక నుంచి శాలువా సర్దుకుని ముందుకు వంగిన చప్పుడు, తర్వాత గీత పడ్డ గాజు మీద వెచ్చగా ఊదిన ఊపిరి వినిపించాయి.

"వచ్చాడా అత్తయ్యా?" అన్నాను.

"ఉండవే" అన్నారు ఆవిడ. "చూడనీ."